రాసిన చెయ్యి, పలికిన నోరు: కర్తృత్వ నిర్ణయంలో గణాంకాల విలువ

బైబిల్ కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక ఒకటుంది. రాసిందెవరో అందులో ఎక్కడా లేదు. పౌలు రాశాడని కొందరూ, ఆ గ్రీకు పౌలుది కాదని కొందరూ తొలి శతాబ్దాల నుంచే వాదించుకుంటూ వచ్చారు. 1851లో అగస్టస్ డి మోర్గాన్ అనే గణితవేత్త ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ ఈ తగువు తీర్చే ఉపాయం ఒకటి చెప్పాడు. ఆ పత్రికలో ఒక్కో మాటకు సగటున ఎన్ని అక్షరాలున్నాయో లెక్కకట్టి, పౌలు పత్రికల సగటు పక్కన పెట్టి చూడమన్నాడు. డి మోర్గాన్ స్థిరపడింది లండన్‌లో అయినా పుట్టింది మదురైలో. అంకెలతో కర్తను పట్టుకోవాలన్న ఆలోచనకు తొలి ప్రేరణల్లో ఒకటి ఇలా బైబిల్ పంచాయితీ నుంచే వచ్చింది. ఇప్పుడు స్టైలోమెట్రీ అంటున్నది దీన్నే.

తొలి ప్రయత్నాలు మోటువి. 1887లో అమెరికా భౌతికవేత్త టి. సి. మెండెన్‌హాల్ మాటల పొడవులను గీతలుగా గీసి, ప్రతి రచయితకూ తనదైన వంపు ఉంటుందన్నాడు. తర్వాత షేక్‌స్పియర్ వంపును బేకన్, మార్లో వంపులతో పోల్చాడు. నాటకానికీ వ్యాసానికీ సహజంగానే మాటల పొడవు మారుతుందన్న సంగతిని అతను సరిగా పట్టించుకోలేదు. 1944లో జి. ఉడ్నీ యూల్ పదజాల వైవిధ్యాన్ని కొలిచే సూత్రం ఒకటి తయారుచేసి, ‘క్రీస్తు అనుకరణ’ అనే ప్రసిద్ధ భక్తిగ్రంథం థామస్ ఎ కెంపిస్‌దా, జెర్సన్‌దా అన్న ప్రశ్న మీద ప్రయోగించాడు. ఈ పద్ధతికి నిజమైన గౌరవం తెచ్చింది మాత్రం 1964లో అచ్చయిన మోస్టెల్లర్, వాలెస్‌ల అధ్యయనం.

వారు తీసుకున్న సమస్య అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787–88లో మారుపేరుతో వెలువడిన ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలది. మొత్తం 85 వ్యాసాల్లో 12 హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్నది తేలలేదు. ఇద్దరూ ఒకే విషయం మీద, ఒకే కాలంలో, ఒకే పాఠకులకు, ఒకే తరహాలో రాశారు. ఇద్దరివేనని నిర్ధారణ అయిన వ్యాసాలు కావలసినన్ని ఉన్నాయి. పరిశోధకులు రాజ్యాంగం, స్వేచ్ఛ వంటి బరువైన మాటలను వదిలేశారు. అవి విషయాన్ని బట్టి వచ్చేవి. రచయితకు తెలియకుండానే దొర్లే చిన్న మాటలను లెక్కపెట్టారు. ‘అపాన్’ అనే విభక్తిమాటను హామిల్టన్ వెయ్యి మాటలకు దాదాపు మూడుసార్లు వాడితే, మాడిసన్ అయిదువేల మాటలకు ఒకసారి వాడాడు. అలాంటి చిన్న మాటలు పదుల కొద్దీ కలిస్తే 12 వ్యాసాలూ మాడిసన్ వైపే మొగ్గాయి. చరిత్రకారులు చాలామంది అప్పటికే అటే ఉన్నారు.

ఈ విజయం ఎక్కడి నుంచి వచ్చిందో గమనించాలి. పోటీలో ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు రాసి ఉండాలన్నది చరిత్ర ముందే చెప్పింది. పోల్చడానికి నిర్వివాదమైన రచనలున్నాయి. భాష, ప్రక్రియ, కాలం ఒకటే. పాఠం దాదాపు రచయిత చేతినుంచే అచ్చులోకి వెళ్లింది. 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ పేరుతో వచ్చిన నేరపరిశోధక నవల జె. కె. రౌలింగ్‌దని అనుమానం వచ్చినప్పుడు భాషా పరిశోధకులు అంకెలతో ఆమె వైపు వేలు చూపగలిగింది కూడా ఇలాంటి అనుకూలతల వల్లే. ఇవి ఒక్కొక్కటే ఊడిపోతున్నకొద్దీ లెక్క అలాగే ఉంటుంది గాని దాని అర్థం మారిపోతుంది. యేసు చరిత్ర మీద జరిగే వాదాల్లో ఇవన్నీ ఊడిపోయాయి.

పౌలు పత్రికలతోనే మొదలుపెట్టవచ్చు. యేసును గురించి మనకు మిగిలిన అతి పాత రాతలు అవే. పౌలు పేరుతో ఉన్న పత్రికలు 13. వాటిలో రోమీయులకు, కొరింథీయులకు రెండు, గలతీయులకు, ఫిలిప్పీయులకు, థెస్సలొనీకయులకు మొదటిది, ఫిలేమోనుకు – ఈ ఏడింటిని పండితులు సాధారణంగా సందేహించరు. తిమోతికి రాసిన రెండూ, తీతుకు రాసిన ఒకటీ ఎక్కువ అనుమానాస్పదం. 1921లో పి. ఎన్. హారిసన్ ఈ మూడింటి పదజాలాన్ని లెక్కించాడు. వ్యక్తుల, స్థలాల పేర్లు తీసేస్తే 848 వేర్వేరు మాటలున్నాయి, వాటిలో 306 పౌలు మిగతా పది పత్రికల్లో ఎక్కడా కనపడవు. అంకె చూడగానే తీర్పు తేలిపోయినట్టే ఉంటుంది. కానీ అంతకు పాతికేళ్ల ముందే, 1896లో, డబ్ల్యు. పి. వర్క్‌మన్ అనే పరిశీలకుడు షేక్‌స్పియర్ నాటకాల్లోనూ ఒక్కొక్క దానికే పరిమితమైన మాటల సంఖ్య ఎంతో తేడాగా ఉంటుందని చూపించాడు. వృద్ధుడై శిష్యుడికి సంఘ నిర్వహణ గురించి రాసే మనిషికీ, మధ్యవయసులో వాదానికి దిగిన మనిషికీ పదజాలం ఒకటే ఉండాలన్న నియమం లేదు. పైగా రోమీయులకు రాసిన పత్రిక చివర తెర్తియు అనే లేఖకుడు తన పేరు తానే చెప్పుకున్నాడు. పౌలు చెబుతుంటే రాసినవాడు ఎంత దిద్దాడో, ఎంత నింపాడో ఎవరికి తెలుసు?

1963లో స్కాట్లాండ్ పాదిరి ఎ. క్యూ. మోర్టన్ కంప్యూటర్ సాయంతో వాక్యాల పొడవునూ, గ్రీకులో ‘మరియు’ అనే అర్థమిచ్చే ‘కాయ్’ అన్న మాట వాడకాన్నీ లెక్కించి, పౌలువి నాలుగు పెద్ద పత్రికలేనని ప్రకటించాడు. కంప్యూటర్ చెప్పిందంటే జనం నోరెత్తని రోజులవి. కానీ ప్రాచీన గ్రీకు ప్రతుల్లో వాక్యాంతపు చుక్క ఎక్కడ పెట్టాలన్నది చాలావరకు ఆధునిక పరిష్కర్తల నిర్ణయం. అంటే వాక్యం పొడవు కొలిచేటప్పుడు కొంతమేరకు పరిష్కర్తనే కొలుస్తున్నాం. జాన్ ఎలిసన్ అనే పండితుడు ఇదే పద్ధతిని ఇంగ్లీషు రచనల మీద నడిపి చూశాడు. ఆ లెక్కన జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ను అయిదుగురు రాశారని, వాళ్లలో ఒక్కరూ జాయిస్ మరో నవలను రాసినవారు కారని తేలింది. ఒక పద్ధతిని పరీక్షించాలంటే జవాబు ముందే తెలిసిన చోట దాన్ని నడపాలి. ఎలిసన్ చేసింది అంతే. 1986లో ఆంథొనీ కెన్నీ చాలా ఎక్కువ లక్షణాలను తీసుకుని ఓపికగా చూస్తే, పన్నెండు పత్రికలు ఒక్కరివి కావని చెప్పడానికి ఆధారం కనపడలేదు, తీతుకు రాసినదే కాస్త ఎడంగా నిలిచింది. అదే పత్రికల మీద ఒక లెక్క నాలుగంటే, ఇంకో లెక్క పన్నెండు అంటోంది!

యేసు ఉనికి గురించిన వాదంలో తరచుగా వినిపించే మరో పేరు జోసెఫస్. ఈ యూదు చరిత్రకారుడు క్రీ.శ. 93–94 ప్రాంతంలో ముగించిన ‘యూదుల ప్రాచీన చరిత్ర’ 18వ భాగంలో యేసును గురించి సుమారు 90 గ్రీకు మాటల పేరా ఉంది. అందులో యేసును క్రీస్తని ఒప్పుకున్నట్టూ, మూడోనాడు తిరిగి లేచాడన్నట్టూ ఉంది. మూడో శతాబ్దంలో ఆరిజెన్ మాత్రం జోసెఫస్ యేసును క్రీస్తుగా అంగీకరించలేదని రాశాడు. ఆ పేరాను ఇప్పుడున్న రూపంలో మొదట ఉదహరించింది నాలుగో శతాబ్దపు యూసీబియస్. మొత్తం ప్రక్షిప్తమేనని కొందరు, అసలు పేరా ఒకటి ఉండగా క్రైస్తవ లేఖకులు మాటలు చేర్చారని ఎక్కువమంది అంటారు. 1971లో ష్లోమో పైన్స్, పదో శతాబ్దపు అగాపియస్ అరబ్బీ చరిత్రలో ఉన్న మరింత తటస్థమైన పాఠాన్ని వెలుగులోకి తెచ్చాడు.

ఇక్కడ గణాంకాలు ఏం చేయగలవు? హామిల్టన్ ‘అపాన్’ లెక్కనే తీసుకుంటే వెయ్యికి మూడు. తొంభై మాటల్లో అది వచ్చే సగటు 0.27. అంటే ఆ పేరా హామిల్టనే రాసినా ఆ మాట అందులో కనపడకపోవడమే మామూలు. తొంభై మాటల్లో మౌనం దేనికీ సాక్ష్యం కాదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. జోసెఫస్ తన ‘యూదుల యుద్ధం’ గ్రీకు రాయడానికి సహాయకులను వాడుకున్నట్టు తానే చెప్పాడు. దాన్ని బట్టి 1929లో హెచ్. థాకరే ‘ప్రాచీన చరిత్ర’లో 17 నుంచి 19 దాకా ఉన్న భాగాల్లో థ్యూసిడిడీస్‌ను అనుకరించే ప్రత్యేక సహాయకుడి చెయ్యి కనపడుతోందన్నాడు. ఈ ఊహ అందరూ ఒప్పుకున్నది కాదు గాని, వివాదాస్పదమైన పేరా ఉన్నది సరిగ్గా ఆ భాగాల్లోనే. కనుక జోసెఫస్ మొత్తం రచనల సగటుతో దాన్ని పోల్చడం పొరపాటు. పోల్చితే 17–19 భాగాలతోనే పోల్చాలి. ఇక పేరా సగం జోసెఫస్‌ది, సగం లేఖకుడిది అయితే యంత్రం ఇచ్చే జవాబు రెంటి మధ్య ఎక్కడో తేలుతుంది, ఎవరి వాదానికి కావాలంటే వారు వాడుకోవచ్చు.

మార్కు సువార్త ముగింపు ఇందుకు భిన్నమైన ఉదాహరణ. చివరి అధ్యాయంలో 9 నుంచి 20 దాకా ఉన్న పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు సైనాయి, వాటికన్ ప్రతుల్లో లేవు. మార్కు వాడని మాటలు వాటిలో గుమిగూడి ఉన్నాయి. ఇక్కడ అంకెలకు బలం చేకూరింది ప్రతుల వల్లే. ప్రతులు లేకుండా ఆ మాటల లెక్క మాత్రమే ఉంటే, పునరుత్థానం వంటి కొత్త విషయానికి కొత్త మాటలు వచ్చాయని ఎవరైనా సులువుగా కొట్టిపారేయగలిగేవారు.

ఇవన్నీ రాసినవారి గురించిన ప్రశ్నలు. చారిత్రక యేసు గురించిన అసలు ప్రశ్న వేరు: ఆయన నోట వచ్చిన మాటలేవి? యేసు మాట్లాడింది అరమాయిక్. సువార్తలు గ్రీకులో ఉన్నాయి. మత్తయి, లూకాలకు సమానంగా ఉండి మార్కులో లేని సుమారు 230 వచనాలకు ‘క్యూ’ అనే మూలాన్ని ఊహిస్తారు. ఆ మూలం చేతికి దొరకలేదు. దొరికినా అదీ గ్రీకే అయ్యే అవకాశం ఎక్కువ. అలవాటు మాటలను, అవ్యయాలను, వాక్య నిర్మాణాన్ని లెక్కించే పద్ధతికి అనువాదంలో చిక్కేది ప్రధానంగా అనువాదకుడి అలవాట్లే. 1985లో రాబర్ట్ ఫంక్ మొదలుపెట్టిన ‘జీసస్ సెమినార్’ పండితులు రంగుపూసలతో ఓట్లు వేసి, 1993లో యేసు మాటల్లో 18 శాతమే ఆయనవి లేదా ఆయనవాటికి దగ్గరివని ప్రకటించారు. అక్కడ లెక్కించింది పండితుల అభిప్రాయాలను. ఆ శాతాన్ని భాషా గణాంకంగా చలామణీ చేసేవారు ఇప్పటికీ ఉన్నారు.

అనువాదకుడి చెయ్యి ఎంత గట్టిదో విశాఖ తీరంలోనే చూడవచ్చు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఆ కృషిలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. గ్రీకులో మార్కు కరుకుగా, లూకా నాగరికంగా రాస్తారు. ఒకే అనువాదకుల చేతుల్లో పడ్డాక ఇద్దరూ ఒకే తెలుగు మాట్లాడతారు. అలాంటి తెలుగు పాఠం మీద లెక్క నడిపి సువార్తికులు ముగ్గురా ఒక్కరా అని అడిగితే, ఆనందరాయర్ పేరు చెప్పినా ఆశ్చర్యం లేదు.

తెలుగు సాహిత్యంలో యేసు సమస్యకు అతి దగ్గరగా వచ్చేది వేమన సమస్య. మనిషి ఉన్నాడు, ఆయన చేతిరాత లేదు. కాలం పదిహేనో శతాబ్దమని, పదిహేడని అంచనాలు వేర్వేరు. పద్యాలు చాలాకాలం జనం నోట నడిచి తర్వాత తాటాకులకెక్కాయి. సి. పి. బ్రౌన్ ప్రతులు సేకరించి 1829లో 693 పద్యాలు అచ్చువేశాడు. 1839 ముద్రణలో అవి 1,164 అయ్యాయి. పదేళ్లలో 471 పెరిగాయి. ఆ తర్వాతి సంకలనాల్లో వేల సంఖ్యకు చేరాయి. సువార్తల్లో ‘యేసు చెప్పెను’ అన్న మాట ఎలాగో వేమన పద్యంలో మకుటం అలాగే: ఎవరు తగిలించినా అది వేమన పద్యమే అవుతుంది.

ఇక్కడ లెక్క మొదలుపెట్టగానే ఎదురయ్యే అడ్డంకి ఆ మకుటమే. ఆటవెలదిలో నాలుగో పాదం చాలా పద్యాల్లో ఒకటే కనుక దాన్ని తీసేయాలి. తీసేయకపోతే పద్యాలన్నీ ఒక్కరివేనని యంత్రం ధీమాగా చెబుతుంది. తీసేస్తే మిగిలేది మూడు పాదాలు, పద్యానికి పది పదిహేను మాటలు. ఒక్క పద్యాన్ని పట్టుకుని ఇది వేమనది, అది కాదు అని గణాంకం చెప్పలేదు. జోసెఫస్ తొంభై మాటలే చాలనప్పుడు ఇవెంత! పద్యాలను గుంపులుగా కలిపి చూడవచ్చు. కానీ ఏ గుంపు వేమనదో ముందే నిర్ణయించుకుని కలిపితే, చివరికి వచ్చే జవాబు ఆ నిర్ణయమే. చేయదగిన పని ఒకటుంది. ప్రతుల పాతదనాన్ని బట్టి, దొరికిన ప్రాంతాన్ని బట్టి గుంపులు కట్టి, వాటి మధ్య తేడాలు చూడడం. అప్పుడు తెలిసేది వేమన ఎవరన్నది కాదు, వేమన సంప్రదాయం ఎక్కడెక్కడ ఎలా పెరిగిందన్నది. అదేమీ చిన్న ఫలితం కాదు. యేసు మాటల విషయంలోనూ గణాంకాలు నిజాయితీగా ఇవ్వగలిగింది ఇంతే.

తెలుగులో పద్ధతిని నికరంగా పరీక్షించే చోటు ఆంధ్ర మహాభారతం. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితంగా, నన్నయ రచన తీరుకు కట్టుబడి పూరించాడు. ఇది కావాలని చేసిన అనుకరణ. నన్నయ ఎక్కడ ఆగాడో సంప్రదాయం పద్యం సంఖ్యతో సహా చెబుతుంది. ఎర్రన సొంత తీరుకు హరివంశం, నృసింహపురాణం ఉన్నాయి. తెలిసిన హద్దును ముందు దాచి, ఏ పద్యం దగ్గర చెయ్యి మారిందో యంత్రాన్ని కనుక్కోమనాలి. అది ఆ హద్దు దగ్గరికి రాగలిగితే తెలుగు పద్యం మీద ఈ పద్ధతికి కొంత అర్హత వచ్చినట్టు. ఎర్రన అనుకరణకు అది మోసపోతే, జోసెఫస్‌ను అనుకరించిన లేఖకుణ్ణి పట్టుకుంటానన్న ధీమాకు ఆధారం పలుచబడుతుంది.

ఆ పరీక్ష సులువు కాదు. ఇంగ్లీషులో విడి మాటలుగా నిలిచే విభక్తులు తెలుగులో ప్రత్యయాలై నామానికి అంటుకుంటాయి. సంధి కలిసి రెండు మూడు మాటలు ఒకటవుతాయి. కనుక తెలుగులో ‘మాట’ను లెక్కించే ముందు పదాన్ని విరవాలి, ఆ విరుపుకు నియమాలు ఏర్పరచుకోవాలి. ఏ, ఓ, ఊ వంటి తోకలు, ‘అని’, ‘ఐన’, ‘కాని’ వంటివి రచయిత అలవాటును పట్టిస్తాయి. ఛందస్సు అక్కడా జోక్యం చేసుకుంటుంది. యతి కోసం, ప్రాస కోసం, గణం నిండడం కోసం కవి అలవాటు లేని మాటనూ ఒప్పుకోక తప్పదు. ఉత్పలమాలను ఉత్పలమాలతోనే, కందాన్ని కందంతోనే, వచనాన్ని వచనంతోనే పోల్చాలి. అన్నిటికంటే నిశ్శబ్దంగా మోసం చేసేది ముద్రణ. ఒక ముద్రణలో అరసున్నలు, బండి ఱలు ఉంటాయి, మరోదానిలో ఉండవు. అక్షరాల గుంపులను లెక్కించే కొత్త పద్ధతులు అలాంటి రెండు ముద్రణలను పోల్చి ఇద్దరు కవులను కనుక్కున్నామంటే, నిజానికి కనుక్కున్నది ఇద్దరు ప్రచురణకర్తలను.

క్రీడాభిరామం వివాదంలో మరో లోపం బయటపడుతుంది. పీఠిక వినుకొండ వల్లభరాయుణ్ణి కర్తగా చెబుతుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి అది శ్రీనాథుడిదేనని వాదించారు. శ్రీనాథుడికి కాశీఖండం, హరవిలాసం వంటి పోల్చదగిన కావ్యాలున్నాయి. వల్లభరాయుడికి పోల్చడానికి మరో కావ్యం లేదు. ఒకే అభ్యర్థి నమూనా ఇచ్చి అడిగితే యంత్రం ఎంతో కొంత పోలిక చూపించి తీరుతుంది. వల్లభరాయుడు పోటీలో లేనందువల్ల ఓడిపోతాడు. శ్రీనాథుడి సమకాలికులు మరికొందరిని కూడా పోటీలో నిలబెట్టి, వాళ్లందరికంటే శ్రీనాథుడెంత దగ్గరో చూపితేనే ఆ వాదానికి అంకెల బలం వస్తుంది.

ఆఖరి ఉదాహరణ ఉత్తరాంధ్రది. 1862లో ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో బాగా పెరిగిన రెండో కూర్పుగా వచ్చింది. తర్వాతి కాలంలో అసలు కర్త ఆయన మిత్రుడు గోమఠం శ్రీనివాసాచార్యులన్న వాదం లేచింది. గురజాడ పరిశోధకులు దాన్ని తిప్పికొట్టారు. దీన్ని గణాంకాలకు అప్పగిస్తే ఏమవుతుంది? నాటకంలో గిరీశం భాష వేరు, అగ్నిహోత్రావధాన్లు భాష వేరు, మధురవాణి భాష వేరు. 1987లో జాన్ బరోస్ జేన్ ఆస్టిన్ నవలలను పరిశీలించి, ఒకే రచయిత్రి సృష్టించిన పాత్రల మధ్య అతి సాధారణమైన మాటల వాడకంలో కూడా స్పష్టమైన తేడాలుంటాయని చూపించాడు. కన్యాశుల్కంలో అలాంటి లెక్క పాత్రకో కర్తను కనిపెడుతుంది. రెండు కూర్పుల మధ్య తేడా కూడా ఇద్దరు రచయితల తేడాలా కనపడవచ్చు. 1969లో పరిశోధకుడు బంగోరె 1897 నాటి పాఠాన్ని ‘మొట్టమొదటి కన్యాశుల్కం’గా తిరిగి అచ్చువేయబట్టి ఈ పోలిక కనీసం సాధ్యమైంది. గురజాడ వైపు అసంపూర్ణ నాటకాలు బిల్హణీయం, కొండుభట్టీయం, ‘దిద్దుబాటు’ వంటి కథలు ఉన్నాయి. రెండో వైపు పోల్చడానికి కావలసింది గోమఠం వారి వాడుక తెలుగు సంభాషణలు. ఆయన రచనగా చెప్పుకునే హరిశ్చంద్ర నాటకం ఇంగ్లీషులో ఉంది. దానికి ముందుమాట రాసింది గురజాడే. ఇంగ్లీషు పాఠం నుంచి తెలుగు సంభాషణ రాసే అలవాటును కొలిచే సాధనం ఏదీ లేదు. కనుక ఆ వివాదంలో సాక్ష్యం గురజాడ దినచర్యలు, ఉత్తరాలు, రాతప్రతులే.